ఆకు చెట్టు నుంచి పండ్లు: హిందూపురం పెరట్లో రెండు మల్బరీ చెట్ల కేస్ స్టడీ

హిందూపురం పట్టణంలో, పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయురాలి పెరట్లో రెండు మల్బరీ చెట్లున్నాయి. 2020 జూలైలో నాటిన ఈ చెట్లు 2023 మార్చి వరకు పెరడంతా కమ్ముకునేంత ఆకు వేశాయి గానీ, పండ్లు మాత్రం ఏడాదికి గుప్పెడు మించలేదు. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వాటిలో ఒక చెట్టు నుంచే ఏడున్నర కిలోల పండ్లు కోసుకున్నారు. ఈ మధ్యకాలంలో మేము మార్చినవి ప్రధానంగా కత్తిరింపు, ఎరువు. ఆ రెండింటినీ మొదట తప్పుగా చెప్పినవాణ్ణి నేనే కనుక, ఎక్కడ తప్పానో, ఏమి చూసి సరిదిద్దుకున్నానో వివరంగా రాయవలసిన బాధ్యత కూడా నాదే.

నేను ఇరవై ఏళ్లకు పైగా పట్టు రైతుల మల్బరీ తోటల్లో పని చేసినవాణ్ణి. మా ప్రాంతంలో మల్బరీ అంటే ఆకు. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ ఉంది, పక్కనే కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన, అభివృద్ధి సంస్థ ఉంది, ఆకు తిన్న పురుగు అల్లిన దారం కొంత ధర్మవరం మగ్గాల మీదికి చేరుతుంది. ఈ వరుసలో పండుకు ఎక్కడా చోటు లేదు. రైతు తోటలో కాయ కనిపించినా దాన్ని ఎవరూ లెక్కచేయరు. అది పండేలోగానే కొమ్మ కోసి పురుగులకు వేస్తారు. నిఘంటువుల్లో దీనికి కంబళిచెట్టు అనే పేరు ఉన్నా మా వైపు ఆ మాట వాడుకలో వినబడదు. సరిహద్దు దాటితే కన్నడంలో హిప్పునేరళె అంటారు. నేరళె అంటే నేరేడు కాబట్టి వాళ్ల పేరులో కనీసం పండు గుర్తుకొస్తుంది. నాకు మాత్రం ఇన్నేళ్లలో ఒక్క చెట్టునైనా పండు కోసం చూసిన అనుభవం లేదని ఈ పెరట్లోకి వెళ్లాకే తెలిసింది.

పెరటి పరిస్థితి ముందుగా చెబుతాను. నేల ఎర్ర గరప, రెండడుగుల కింద గరుసు. నీరు బోరుది, కొంచెం ఉప్పదనం ఉన్నది. హిందూపురం సముద్రమట్టానికి ఆరు వందల మీటర్లకు పైన ఉంది కనుక డిసెంబరు, జనవరి రాత్రులు చల్లగా ఉంటాయి, కానీ చెట్టు ఆకంతా రాల్చి నిద్రపోయేంత చలి పడదు. ఈ చివరి విషయం ఈ కేసులో చాలా ముఖ్యమైనది. దాని సంగతికి తరువాత వస్తాను. మొదటి చెట్టు ఒక రైతు తోట నుంచి తెచ్చిన కటింగుతో పెరిగినది, పండు పొట్టిగా, ముదురు ఊదా నల్లగా ఉంటుంది. రెండవది కడియం నర్సరీల నుంచి వచ్చిన మొక్కలు అమ్మే వ్యక్తి దగ్గర కొన్నది, చూపుడువేలంత పొడవు పండు కాసే రకం. రెండింటి మధ్య పన్నెండు అడుగుల దూరం ఉంది. మల్బరీ వేరు నారింజ పసుపు రంగులో, తవ్వగానే గుర్తుపట్టేలా ఉంటుంది, నీటి తడి ఉన్నవైపు చాలా దూరం పాకుతుంది. సెప్టిక్ ట్యాంకుకు, ప్రహరీ గోడకు తగినంత ఎడంగా నాటారు కాబట్టి ఆ చిక్కు ఇక్కడ రాలేదు. గోడ వారగా ఒక ఎర్ర మందార, ఒక బొప్పాయి చెట్టు ఉన్నాయి. వీటిని అప్పట్లో నేను పట్టించుకోలేదు.

2022 జూలైలో ఆ అమ్మగారు మొదటిసారి నన్ను పిలిపించారు. చెట్టు రెండేళ్లది, తొమ్మిది అడుగుల ఎత్తు, కొమ్మలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. తోటల్లో వానలు మొదలయ్యాక చేసినట్టే నేలకు అర అడుగు ఎత్తున మొదలుదాకా కోయించి, చిగురు బలంగా రావాలని యూరియా వేయమన్నాను. నీటిపారుదల కింద ఉన్న వీ-1 అనే మల్బరీ రకం తోటకు హెక్టారుకు ఏడాదికి 350 కిలోల నత్రజని, 140 కిలోల భాస్వరం, 140 కిలోల పొటాష్ వేయాలని సిఫారసు. మూడడుగులకు మూడడుగుల ఎడంలో హెక్టారుకు దాదాపు పన్నెండు వేల మొక్కలు పడతాయి కనుక మొక్కకు దాదాపు 29 గ్రాముల నత్రజని, అంటే 60 గ్రాములకు కొంచెం పైగా యూరియా అవుతుంది. పెరటి చెట్టు తోట మొక్క కంటే పెద్దది కదా అని నేను రెట్టింపు చెప్పాను, రెండు విడతలుగా. ఆకు ఎలా వచ్చిందంటే, సెప్టెంబరు నాటికి మొదలు నుంచి లేచిన పాతిక కర్రలు వెదురు పొదలా నిలిచాయి, ఒక్కో ఆకు భోజనపు విస్తరిలో సగం ఉంది. నాకు చాలా సంతోషం కలిగింది. 2023 మార్చిలో మళ్లీ వెళ్లినప్పుడు ఆ అమ్మగారు నన్ను చెట్టు దగ్గరికి తీసుకెళ్లి చూపించి, మృదువుగానే అన్నారు: “ఆకు తినేకి మా ఇంట్లో పురుగుల్లేవు కదా సార్. మాకు పండ్లు కావల్ల.”

ఆ మాటతో నేను నా లెక్కను మొదటి నుంచి చూసుకున్నాను. తోటలో ఏడాదికి నాలుగైదుసార్లు ఆకు కోస్తారు. వేసిన నత్రజనిలో పెద్ద భాగం ఆకుతో పాటే పురుగుల షెడ్డులోకి వెళ్లిపోతుంది. పెరట్లో ఆకు కోసేవారు ఎవరూ లేరు. అక్కడ అంతే మోతాదు వేస్తే ఆ బలమంతా చెట్టులోనే నిలిచి కర్ర మీద కర్ర లేస్తుంది. ఇది ఎరువు సంగతి. కత్తిరింపులో చేసిన తప్పు ఇంకా లోతైనది.

మల్బరీ పూత ఎక్కడ వస్తుందో చూస్తే అది అర్థమవుతుంది. కిందటి రుతువులో ముదిరిన కర్ర మీద, ఆకు తొడిమ మొలిచిన ప్రతి కణుపు వద్దా ఒక కన్ను ఉంటుంది. ఆ కన్ను విచ్చుకున్నప్పుడు లేత రెమ్మ, దాని మొదటి రెండు మూడు ఆకుల చంకల్లో చిన్న పూగుత్తులు కలిసే బయటికి వస్తాయి. అంటే పండు కొత్త చిగురు మీద కాస్తుంది, కానీ ఆ చిగురు ముదురు కర్ర మీది కంటి నుంచి పుట్టాలి. నేల మట్టానికి కోసినప్పుడు ఆ కళ్లన్నీ కర్రతో పాటే పోతాయి. మొదలులో అణగి ఉన్న మొగ్గల నుంచి కొత్త కర్రలు లేస్తాయి, అవి ఏపుగా పెరుగుతాయే గానీ వాటి అడుగున పూత అరుదు. ఆకు కోసం సరైన కత్తిరింపు పండుకు ఎందుకు సరిపోదో ఈ ఒక్క విషయంలో ఉంది. ఇది వృక్షశాస్త్రంలో ఎవరికీ తెలియని రహస్యమేమీ కాదు. నా వృత్తిలో అవసరపడలేదు కనుక నా కంటికి ఆనలేదు.

మగ చెట్టు లేకపోవడం వల్ల కాయడం లేదేమోనని ఇంటివారికి ఒక అనుమానం ఉండేది. మల్బరీలో మగ, ఆడ పూతలు వేరువేరు చెట్ల మీద ఉండటం ఎక్కువ, కొన్నిటిలో ఒకే చెట్టు మీద రెండూ ఉంటాయి. మగ గుత్తి పొడవుగా వేలాడి, పుప్పొడి రాల్చి, ఎండి ఊడిపోతుంది. ఆడ గుత్తి పొట్టిగా నిలబడి ఉంటుంది, దగ్గరగా చూస్తే ప్రతి చిన్న పువ్వుకూ రెండు తెల్లని నూలుపోగుల వంటి కీలాగ్రాలు కనిపిస్తాయి. (తెల్ల మల్బరీ మగ పువ్వు కేసరాలు పుప్పొడిని ధ్వని వేగంలో సగానికి మించిన వేగంతో విసురుతాయని 2006లో కొలిచారు, చూడటానికి ఇంత సాధువుగా ఉండే చెట్టులో ఇది నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.) ఈ పెరట్లో గుప్పెడు కాయలు కాసినచోట నేను చూసినవన్నీ ఆడ గుత్తులే. మల్బరీలో పుప్పొడి పడకపోయినా కాయ ఊరే రకాలు చాలా ఉన్నాయి. పైగా పట్టణం చుట్టూ తోటలే. కాబట్టి మగ చెట్టు నాటాలన్న ఆలోచనను పక్కన పెట్టించాను.

2023 మార్చి చివర మొదటి చెట్టు మొదలు మీదున్న పాతిక కర్రల్లో బలమైనవి, నలుదిక్కులకూ ఒదిగి ఉన్నవి ఐదింటిని ఉంచి మిగిలినవాటిని అడుగంటా తీసివేశాము. ఆ ఐదింటినీ నిట్టనిలువుగా వదలకుండా, గోనె పురికొసతో నేలలో పాతిన గుంజలకు కట్టి, సగం వంగేలా దించాము. నిలువు కర్రలో పైనున్న ఒకటి రెండు కళ్లే ముందు విచ్చుకుని కింది వాటిని అణచివేస్తాయి. వంచిన కర్రలో పొడవునా కళ్లు దాదాపు సమానంగా కదులుతాయి. యూరియా పూర్తిగా ఆపించాను. వానలు పడ్డాక చెట్టుకు ఒక పెద్ద తట్ట చివికిన పశువుల ఎరువు, రెండు గుప్పిళ్లు వేపపిండి, వంటింటి కట్టెపొయ్యి బూడిద కొంచెం పాదులో కలపమన్నాను. బోరునీటిలో ఉప్పు ఉంది కనుక బూడిద చిటికెడు చాలని గట్టిగా చెప్పవలసి వచ్చింది. ఇల్లు తుడిచిన బూడిదంతా చెట్టు మొదట్లో పోసే అలవాటు మనకు ఎక్కువ.

అక్టోబరులో తుక్రా అనే చిగురు ముడత కనిపించింది. పట్టు రైతుకు ఈ పేరు వింటేనే ముఖం మారుతుంది. కొమ్మ చివర ఆకులు ముడుచుకుని, మందంగా, నల్లపచ్చగా మారి, కణుపులు దగ్గర పడి, చిగురంతా చిన్న క్యాబేజీ పువ్వులా ముద్దకట్టింది. ఆ ముద్దను విప్పితే మధ్యలో గులాబీ రంగు పిండినల్లి గుంపులు, వాటి చుట్టూ చీమలు. ఈ పిండినల్లికి ప్రపంచంలో చాలాచోట్ల మందార పిండినల్లి అనే పేరు ఉంది, మందార దానికి అంత ఇష్టం. అప్పుడు గోడ వారనున్న మందార దగ్గరికి వెళ్లి మొగ్గలు తిప్పి చూశాను. తొడిమల కింద తెల్లని దూది పేరుకుని ఉంది. అక్కడి నుంచి చీమలు మల్బరీ దాకా ఒక దారి వేసుకున్నాయి, గోడ మీదుగా, గుంజకు కట్టిన పురికొస మీదుగా. ఆ పురికొస నేను కట్టించినదే.

రైతు తోటలో అయితే ఒకప్పుడు డైక్లోరోవాస్ కొట్టమనేవారు. 2020 చివర నుంచి ఆ మందు మన దేశంలో నిషేధం. ఆ నిషేధం లేకపోయినా, పిల్లలు చెట్టుమీదే పండ్లు కోసుకు తినే ఇంట్లో అటువంటి మందు చెప్పే ప్రశ్నే లేదు. ముద్దకట్టిన చిగుళ్లను కత్తిరించి, నేలమీద పడనివ్వకుండా నేరుగా ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి కట్టి రెండు రోజులు ఎండలో పెట్టించాము. మందారను మోకాలి ఎత్తుకు కోయించాము. గుంజలకు కట్టిన పురికొసలు విప్పేశాము, అప్పటికి కొమ్మలు వంపు నిలుపుకున్నాయి. మొదలుకు జానెడు వెడల్పు టేపు చుట్టి దాని మీద గ్రీజు రాస్తే చీమలు ఎక్కడం ఆగింది. చీమలు ఆగితే పిండినల్లికి కాపలా పోతుంది, పురుగుతినే పురుగులకు దారి దొరుకుతుంది. లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, అది నీటిలో కలిసేందుకు నాలుగు చుక్కల సబ్బునీరు కలిపి, సాయంత్రం పూట పదేసి రోజుల ఎడంలో మూడుసార్లు పిచికారీ చేశారు. నవంబరు చివరికల్లా ఆపివేయమన్నాను, పూత మీద ఏదీ పడకూడదని. వేపనూనె పడిన ఆకు పట్టుపురుగుకు పనికిరాదు కనుక, పిల్లలు బడిలో పురుగులు పెంచుతామని ఆకు అడిగితే ఇవ్వవద్దని కూడా ఆ అమ్మగారికి చెప్పాను.

ఒక విషయం ఇక్కడ చెప్పకుండా ఉండలేను. పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల చూడటానికి పిండినల్లిలాగే ఉంటుంది, ఒంటి మీద తెల్లని మైనపు పోగులతో, కాకపోతే పెద్దదిగా, చురుకుగా కదులుతూ ఉంటుంది. ఇంటివారు దాన్ని “పెద్ద పిండిపురుగు” అనుకుని వెతికి వెతికి నలిపేస్తారు. ఈ ఇంట్లో మనుమడు అప్పటికే నాలుగింటిని అగ్గిపెట్టెలో బంధించి నాకు చూపించాడు. వాటిని చెట్టు మీద వదిలించాము.

ఇక డిసెంబరు పని. ముందు చెప్పినట్టు మన దగ్గర చెట్టు తానుగా ఆకు రాల్చదు. చల్లని దేశాల్లో శీతకాలం చేసే పనిని ఇక్కడ మనం చేతితో చేయాలి. 2023 డిసెంబరు 14న ఐదు కొమ్మల్లో నాలుగింటికి కొసనున్న పచ్చి లేత భాగాన్ని, సుమారు ఒకటిన్నర అడుగు, బూడిదరంగు ముదురు కర్ర మొదలయ్యేచోటు వరకు కోసివేసి, మిగిలిన కర్ర మీద ఆకునంతా తీసివేశాము. ఆకును పట్టి కిందికి లాగితే కణుపు వద్ద బెరడు చీరుకుని కన్ను ఊడిపోతుంది. తోట కూలీలు ఆకు దూసే పద్ధతి ఇదే, వాళ్లకు కన్నుతో పని లేదు. ఇక్కడ ప్రతి ఆకునూ తొడిమ మధ్యలో కత్తెరతో తెంపాము. తొడిమ మోడు వారంలో ఎండి తనంతట తాను రాలిపోతుంది. ముగ్గురం కూర్చుని ఒక పూటంతా చేసిన పని అది. ఐదవ కొమ్మను పోలిక కోసం తాకకుండా వదిలాము. ఆ రోజు నుంచి పది రోజులు నీరు కట్టలేదు, తరువాత ఒక మంచి తడి ఇచ్చాము.

తొమ్మిదో రోజుకు కళ్లు ఉబ్బాయి. జనవరి మొదటి వారంలో లేత ఆకులతో పాటు ఆకుపచ్చని నూగు గుత్తులు బయటపడ్డాయి, అరచేతి వెడల్పు కర్ర మీద ఏడెనిమిది చొప్పున. తాకని కొమ్మ మీద అక్కడక్కడ నాలుగైదు. ఒక్క కొమ్మతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు, కానీ ఒకే వేరు మీద, ఒకే నీటితో, అడుగున్నర దూరంలో ఉన్న రెండు కొమ్మల మధ్య ఆ తేడా చూశాక ఆ ఇంట్లో నేను నోటితో చెప్పవలసినది ఏమీ మిగలలేదు. జనవరిలో ఆకు అడుగున బూడిద తెగులు తెల్లటి పొడి కొంచెం కనిపించింది. లోపలికి పెరిగిన నాలుగు రెమ్మలు తీసివేసి గాలి ఆడనిచ్చాము, అంతటితో తగ్గింది.

మొదటి నల్లపండు ఫిబ్రవరి 10న దొరికింది, కత్తిరించిన ఎనిమిది వారాలకు. చాలామంది పెరటి మల్బరీ పెంచేవారు కాయించడంలో కంటే కోయడంలో ఎక్కువ పోగొట్టుకుంటారని నా అభిప్రాయం, అందుకని కోత గురించి కొంత విస్తరించి రాస్తాను.

ఒకే రెమ్మ మీద ఒకే రోజు పచ్చికాయ, తెల్లబారినది, ఎర్రనిది, నల్లనిది నాలుగూ ఉంటాయి. కాబట్టి ఒక్కరోజున చెట్టంతా కోసే పంట ఇది కాదు. మూడు నాలుగు వారాలపాటు ప్రతిరోజూ, తప్పితే రోజు విడిచి రోజు, చెట్టు దగ్గరికి వెళ్లవలసిందే. రెండు రోజులు ఊరికి వెళితే ఆ రెండు రోజుల పండు నేలపాలు. ఎర్రగా ఉన్నప్పుడు కోస్తే పులుపు తప్ప మరేమీ ఉండదు, ఇంట్లో పెట్టినా తీపి ఎక్కదు. నల్లగా కనిపించేవన్నీ పండినవి కావు. తొడిమ దగ్గర ఇంకా ఎర్రని ఛాయ ఉంటే ఆగాలి. పూర్తిగా పండినది వేళ్లతో కింద నుంచి ఎత్తి పట్టుకుని కొంచెం తిప్పితే తొడిమతో సహా చేతిలోకి వస్తుంది. లాగవలసి వచ్చిందంటే ఇంకా ఒక రోజు ఉండాలని అర్థం. తొడిమను అప్పుడే ఊడదీయకూడదు. ఊడదీస్తే పండు చీలి రసం కారుతుంది, మర్నాటికి బూజు పడుతుంది. పచ్చికాయలు, తొడిమ పాలు కడుపులో వికారం కలిగిస్తాయి కనుక పిల్లలకు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఆ అమ్మగారు ఉదయం ఆరున్నరకు, ఎండ పడకముందు, వెడల్పు స్టీలు బేసిన్ పట్టుకుని చెట్టు చుట్టూ తిరిగేవారు. మొదటి రోజుల్లో లోతు గిన్నెలో కోశారు. అడుగున ఉన్నవి పైవాటి బరువుకే నలిగి రసమయ్యాయి. వెడల్పు పాత్రలో రెండు పొరలకు మించకుండా కోయడం అక్కడి నుంచే మొదలైంది. చేతికి అందని కొమ్మల కింద పాత నైలాన్ చీర పరచి, కొమ్మను మెల్లగా ఒకసారి కదిపితే పండినవి మాత్రమే రాలతాయి. గట్టిగా ఊపితే ఎర్రవి కూడా వస్తాయి. రాలినవాటిని పది నిమిషాలు ఉప్పునీటిలో వేస్తే, చిన్న ఈగలు గుడ్లు పెట్టినచోట తెల్లని సన్న పురుగులు ఉంటే బయటికి వస్తాయి. చెట్టుమీద కోసినవాటిని తినేముందు మాత్రమే కడగాలి.

పికిలిపిట్టలు మనకంటే ముందు లేస్తాయి, గోరింకలు ఎనిమిదింటికి వస్తాయి. కోయిల ఎప్పుడు వస్తుందో కనిపించదు, తిన్నాక అరుస్తుంది. వల కప్పమని నేను చెప్పాను. ఆ అమ్మగారు చేతికి అందే కింది కొమ్మలకు మాత్రం వల కప్పి, పై కొమ్మలను పిట్టలకు వదిలారు. వల కొమ్మలకు ఆనకుండా, అంచులు నేలకు బిగించి ఉండాలి. వదులుగా వేలాడే వలలో పిట్ట చిక్కుకుని చనిపోవడం నేను వేరేచోట చూశాను.

మరకల గురించి ఒక మాట. ఈ పండు రంగు ఆంథోసయనిన్‌ల వల్ల వచ్చేది. పులుపు తగిలితే ఎర్రబడుతుంది, సబ్బులోని క్షారం తగిలితే నీలిగా మారి బట్టకు పట్టుకుంటుంది. మనుమడి బడి చొక్కాకు మొదటి రోజు సబ్బు రాయడంతో ఊదా మరక నీలిమరకగా స్థిరపడింది. తరువాతి చొక్కా మీద ముందు నిమ్మచెక్క రుద్ది, చల్లనీటితో జాడించి, ఆ పైన సబ్బు పెట్టారు, చాలావరకు పోయింది. ఎర్రని పచ్చికాయను నలిపి రుద్దినా అదే పని చేస్తుంది, అందులోనూ పులుపే ఉంది. నాపరాళ్ల మెట్ల మీది మరకలు మాత్రం వానలు పడేదాకా అలాగే ఉన్నాయి.

పండు గది వేడిలో ఒక్కరోజు, ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు నిలుస్తుంది. నూటికి ఎనభై ఎనిమిది వంతులు నీరు కనుక అంతకు మించి ఆశించలేము. బజారులో ఈ పండు అంతగా కనిపించకపోవడానికి కారణం కూడా ఇదే. మిగిలినవాటిని పళ్లెంలో ఒక్కొక్కటిగా పరచి ఫ్రీజర్‌లో గట్టిపడ్డాక డబ్బాలోకి మార్చారు. నేరుగా డబ్బాలో పోస్తే ఒకే ముద్ద అవుతుంది. జామ్ చేసినప్పుడు బాగా పండినవి మాత్రమే వేస్తే పులుపు చాలక పాకంలా కారుతుంది. నాలుగో వంతు ఎర్రపండ్లు, ఒక నిమ్మకాయ రసం చేర్చాక చిక్కబడింది. వంద గ్రాముల పండులో సుమారు 36 మిల్లీగ్రాముల సి విటమిన్, రెండు మిల్లీగ్రాములకు కొంచెం తక్కువగా ఇనుము ఉంటాయి. ఇరుగుపొరుగువారు షుగరు తగ్గుతుందని అడిగి తీసుకెళ్లేవారు. పిండిపదార్థం జీర్ణమయ్యే వేగాన్ని తగ్గించే డీఎన్‌జే అనే పదార్థం ఉన్నదని చెప్పేది ముఖ్యంగా మల్బరీ ఆకు గురించి. పండులో ఉన్నది చక్కెరే, మందులు వాడేవారు దాన్ని మామూలు తీపిపండుగానే లెక్కవేసుకోవాలి.

ఇరవై నాలుగు రోజుల కోతలో వంటింటి తక్కెడ మీద తూచి, క్యాలెండర్ వెనుక ఆ అమ్మగారు రాసుకున్న మొత్తం ఏడున్నర కిలోలు. పిట్టలు తిన్నది, మనుమడు చెట్టుమీదే తిన్నది ఇందులో లేదు. 2024 డిసెంబరులో ఐదు కొమ్మలకూ అదే పద్ధతి పాటించాము. 2025 కోతలో పదకొండు కిలోలు వచ్చాయి. ఏప్రిల్‌లో మరోసారి ఆకు తీసి రెండవ కాపు తెప్పిద్దామని ప్రయత్నించాము. పండ్లు వచ్చాయి గానీ మే ఎండకు చిన్నవై, సగం ముదరకుండానే ఎండిపోయాయి. చెట్టుకు ఆ శ్రమ పెట్టడం అనవసరమని మానేశాము.

రెండవ చెట్టు సంగతి వేరు. పొడవు పండు రకం, ఎర్రగా ఉన్నప్పుడే తీపి ఎక్కుతుంది, రుచి నిస్సందేహంగా దానిదే మెరుగు. కానీ ఇదే కత్తిరింపు, ఇదే ఆకుతీత చేసినా రెండేళ్లలో అది ఒకటిన్నర కిలో దాటలేదు. పక్కింటివారు రెండో అంతస్తు కట్టాక ఆ చెట్టుకు ఉదయపు ఎండ పోయింది. నా అనుమానం దాని మీదే. ఈ డిసెంబరులో నీడపడే వైపు కొమ్మలు తగ్గించి, ఎండ వైపు రెండు కొమ్మలను మాత్రమే పెంచి చూడాలని అనుకుంటున్నాము.

కత్తిరింపుల్లో తెగిన ముదురు కర్రలను పారవేయలేదు. పెన్సిలంత లావున్న ముక్కలను మూడేసి కళ్లతో, కింద ఏటవాలుగా, పైన సమంగా కోసి, రెండు కళ్లు మట్టిలో ఉండేలా ఇరవై సంచుల్లో పెట్టాము. రెండు వారాలకే చిగుళ్లు వచ్చాయి. చిగురు వచ్చిందంటే వేరు వచ్చినట్టు కాదు, కర్రలోని నిల్వతోనే చిగురిస్తుంది; చూద్దామని పైకి లాగిన రెండు కటింగులు అక్కడే పోయాయి. చివరికి పద్నాలుగు బతికాయి, నాలుగు నెలలకు వీధిలోని ఇళ్లకు చేరాయి. ఒక్కో సంచికి ఆ అమ్మగారు తన గుండ్రని చేతిరాతతో ఒక చీటీ కట్టారు: యూరియా వేయకూడదు, మొదలుదాకా కోయకూడదు, డిసెంబరులో ఆకు కత్తెరతో తీయాలి, పక్కన మందార ఉంటే మొగ్గలు తిప్పి చూడాలి. అన్నిటికంటే కింద, నేను చదువుతానని తెలిసే, ఇంకో వాక్యం చేర్చారు: “ఆకు మాత్రమే కావలసినవారు సార్‌ను సంప్రదించవలెను.”